బిడ్డ వచ్చేలోగా ఇంట్లోంచి ఏం తీసేశాం?

ఈసారి వీడియోలో పొలం లేదు, మా ఇల్లే ఉంది. ఖాళీ చేసిన కొట్టు గది, సున్నం వేసిన గోడలు, అంతే. ఏం చేశామో వీడియోలో చూపించాను గానీ, ఎందుకు చేశామో 7 నిమిషాల్లో చెప్పలేకపోయా. అది ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా ఆవిడకి ఇప్పుడు ఎనిమిదో నెల. మొదటి కాన్పు. మొన్న దసరా సెలవలకి మా అక్క, నాలుగేళ్ల మేనకోడలు ఊరికొచ్చారు. దానికి వారం ముందే మిరప తోటకి అగ్నిఅస్త్రం కాచాను. తోటకి కొట్టగా ఐదారు లీటర్లు మిగిలింది. చేతికి ఖాళీ క్యాను దొరక్క, పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి వంటింటి వెనక వసారాలో గూట్లో పెట్టాను. మనలో చాలామంది చేసే పనే ఇది.

మధ్యాహ్నం అందరం భోజనాలు చేసి కూర్చున్నాం. పాప ఒక సీసా పట్టుకుని వచ్చింది. "మామయ్యా, మూత తియ్యవా, తాగుతా" అంది.

మూత బిగుతుగా ఉంది కాబట్టి నన్ను అడిగింది. వదులుగా ఉంటే అడిగేది కాదు.

అగ్నిఅస్త్రంలో ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు. గోమూత్రం, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు, పొగాకు. పొగాకులో ఉండే నికోటిన్ పెద్దవాళ్లకే విషం, నాలుగేళ్ల పిల్లకి ఇంకెంత? ఆ ద్రావణం రంగు చూస్తే అచ్చం టీ డికాక్షన్‌లా ఉంటుంది. ఎనిమిదేళ్లుగా రసాయనం ముట్టని రైతునని మైకు పట్టుకుని చెప్పుకునే మనిషిని నేను. ఆ రోజు మా అక్క ముఖం చూడలేకపోయా.

రాత్రి మా ఆవిడ ఒకటే అడిగింది. "మన బిడ్డ పాకడం మొదలుపెడితే ఈ ఇంట్లో ఎక్కడ పాకాలండీ?"

టార్చిలైటు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. నిజంగానే చోటు లేదు. ఒక గదిలో అమ్మకానికి పెట్టిన బియ్యం బస్తాలు, గానుగ నూనె డబ్బాలు. ఇంకో గదిలో కొరియర్ అట్టపెట్టెలు, సీసాలు, లేబుళ్ల కట్టలు. వసారాలో కషాయాలు. పెరటి గుమ్మం పక్కనే జీవామృతం డ్రమ్ము. అటక మీద ఏముందో నాకే తెలీదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. బిడ్డ కోసం ఇంట్లోకి ఏం తేవాలి అనేది రెండో ప్రశ్న. ఇంట్లోంచి ఏం తీసేయాలి అనేది మొదటి ప్రశ్న. మన ప్రకృతి రైతులం ఈ మొదటి ప్రశ్న వేసుకోవట్లేదు. సాగు మార్చాం, ఇల్లు మార్చలేదు.

అటక దించితే

మర్నాడు అటక, కొట్టు గది, పశువుల పాక మూలలు అన్నీ వెతికి ఒక కాగితం మీద రాశాను. ఖాళీ పురుగుమందు డబ్బాలు, సీసాలు కలిపి 19. ఇంకా మందు మిగిలి ఉన్నవి 5. ధాన్యంలో పెట్టే గ్యాస్ బిళ్లల గొట్టం, మూత తీయనిది, ఒకటి. మందు పట్టించిన ఎర్ర రంగు విత్తనాల పాకెట్లు 6. పాత స్ప్రేయర్లు 2.

మేము రసాయనం మానేసింది 2017లో. అంటే ఈ సరుకంతా ఎనిమిదేళ్లకు పైగా మా నెత్తిన, మేము పడుకునే మంచాలకి పైనే ఉంది.

నేను అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివినవాణ్ణి. మందు డబ్బా మీద రంగు త్రికోణం సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నా. ఎరుపు అంటే అతి తీవ్రమైన విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం తక్కువని అర్థం, లేదని కాదు. ఇంత తెలిసినవాణ్ణి, మా అటక మీద మూడు ఎర్ర త్రికోణాలు ఉన్నాయని ఎనిమిదేళ్లు చూసుకోలేదు.

ఆ గ్యాస్ బిళ్లలు అల్యూమినియం ఫాస్ఫైడ్. తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో మనుషుల ప్రాణం తీసే వాయువు అది. అసలు ఇళ్లలో వాడుకోమని అమ్మే సరుకే కాదు. వాన పడితే మా అటక కారుతుందని మీకు వేరే చెప్పాలా?

నాన్న మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఖాళీ డబ్బాలు బయటికి తెస్తుంటే ఒప్పుకోలేదు.

"కడిగినవేరా అవి. గట్టి డబ్బాలు. ఎప్పుడైనా పనికొస్తాయి. వాటిల్లోనే చేలోకి నీళ్లు పట్టుకెళ్లి తాగాం. నువ్వూ తాగావు."

నిజమే, తాగాను. ఆ డబ్బాల్లోనే అమ్మ బీర గింజలు, సొర గింజలు దాచేది. దీపానికి కిరసనాయిలు కూడా అందులోనే. నాన్నని తప్పుపట్టి లాభం లేదు. ఆయన చదువుకోలేదు, లేబుల్ చదవలేడు. వరసగా పత్తి దెబ్బతిని, అప్పు మీద అప్పు తెచ్చి మందులు కొట్టిన రోజులవి. ఆ డబ్బులు ఎటూ పోయాయి, కనీసం డబ్బా అయినా మిగిలిందని దాచుకున్నాడు. లేనితనం నేర్పిన అలవాటు అది. సింపుల్‌గా బతకండి అని చెప్పేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. దాచుకోవడం అందరికీ దురాశ కాదు, కొందరికి భయం.

అందుకే నాన్నతో వాదించలేదు. బీహార్‌లో జరిగింది చెప్పాను. 2013 జులై 16న సారణ్ జిల్లా గండామన్ అనే ఊళ్లో ప్రాథమిక బడి పిల్లలు మధ్యాహ్న భోజనం తిన్నారు. 23 మంది పిల్లలు చనిపోయారు. వంటకి వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది. పురుగుమందు ఉంచిన డబ్బాలో నూనె పోయడం వల్లే ఇలా జరిగిందని అప్పట్లో అధికారులు చెప్పారు. ఆ మందు మాకు కొత్తేం కాదు. నాన్న ఏళ్ల తరబడి పత్తికి కొట్టినదే.

నాన్న ఏం మాట్లాడలేదు. తెల్లారి నేను పాలు పితికి వచ్చేసరికి మిగిలిన డబ్బాలన్నీ ఆయనే దించి, గోతంలో వేసి, పాక బయట పెట్టాడు. అమ్మ బీర గింజలు ఇత్తడి చెంబులోకి మారాయి.

తీయడం సరే, ఎక్కడ పెట్టాలి?

ఇది అసలు చిక్కు. భోగి దగ్గరపడుతోంది కదా, మంటలో వేసేద్దాం అన్నాడు మా పక్కింటి కుర్రాడు. వద్దన్నాను. మందు డబ్బా కాలిస్తే ఆ విషం పొగలో కలిసి మన ముక్కులోకే వస్తుంది. భోగి మంటలో వేయాల్సింది పాత కలప, పిడకల దండలు. ఈమధ్య టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేస్తున్నారు. అది భోగి కాదు, చెత్త తగలబెట్టడం.

మన దేశంలో దీనికి ఒక నిబంధన ఉంది. పురుగుమందుల నిబంధనలు, 1971లో 44వది. ఖాళీ ప్యాకింగులు మళ్లీ ఎవరూ వాడకుండా పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలి అని. మేము ఖాళీ డబ్బాలకి చిల్లులు పొడిచి, బావికీ కాలవకీ ఇళ్లకీ దూరంగా మెరక నేలలో లోతుగా గొయ్యి తీసి పాతాం. చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ. మా ఆవిడ ఆ పూట ఇంట్లోనే లేదు, అక్క వాళ్లింటికి పంపాను. ఎర్ర విత్తనాలు కూడా అక్కడే పాతాం. కోళ్లకి వేయకూడదు, పశువులకి పెట్టకూడదు.

నిజం చెప్పాలంటే, నేలతల్లి అని రోజూ మాట్లాడే నాకు ప్లాస్టిక్ పూడ్చడం నచ్చలేదు. ఇంట్లో ఉంచడం కంటే నయం అని చేశాను, అంతే.

మందు మిగిలిన 5 డబ్బాలకి, గ్యాస్ బిళ్లలకి అయితే దారే దొరకలేదు. వాటిల్లో ఒకటి ట్రయాజోఫాస్. 2020 డిసెంబర్ 31తోనే దాని వాడకం నిషేధించారు. కొన్న దుకాణానికి తీసుకెళ్తే మాకు సంబంధం లేదన్నారు. కాలవలో పోస్తే చేపలు చస్తాయి, గట్టు మీద పోస్తే వానపాములు చస్తాయి. ఇప్పుడు అవి ఎక్కడున్నాయో చెప్తా. ఊరికి దూరంగా చేలో మోటారు కొట్టంలో, తడి తగలని ఎత్తులో, ఇనప పెట్టెలో తాళం వేసి ఉన్నాయి. పెట్టె మీద ఎర్ర రంగుతో 'విషం' అని రాసి, పుర్రె బొమ్మ వేశాం. ఇది పరిష్కారం కాదని నాకూ తెలుసు.

నా డిమాండ్ ఒకటే. మండలానికి ఏడాదికి ఒక్కరోజు పాత మందులు, నిషేధించిన మందులు వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలి. అమ్మేటప్పుడు ఊరూరా తిరిగి అమ్మారు, తీసుకునేటప్పుడు మాత్రం ఎవరూ లేరు. ప్రకృతి సాగు రైతు సంఘాలు, మహిళా సంఘాలు గ్రామసభలో ఈ తీర్మానం పెట్టాలి. వేలమంది రైతులు సాగు మార్చారని గర్వంగా చెప్పుకుంటున్నాం. వాళ్ల అటకల సంగతి ఎవరు చూస్తారు?

మన సరుకు సంగతి

రసాయనాలు తీసేశాక నాకు కాస్త పొగరొచ్చింది. ఇక మిగిలినదంతా సహజమే కదా అనుకున్నా. మా ఆవిడే అడిగింది, "పాప చేతిలోకి వెళ్లింది రసాయనమా అండీ?" అని.

నోరు మూసుకుని కషాయాల లెక్క తీశాను. దశపర్ణిలో ఉమ్మెత్త ఉంటుంది, జిల్లేడు ఉంటుంది. ఊళ్లో కొందరు గన్నేరు కూడా వేస్తారు. ఇవన్నీ చెట్టు నుంచి వచ్చినవే, మనిషికి విషమే. పురుగుని చంపేది పిల్లల జోలికి పోదు అనుకోవడం మన వెర్రి. ఇప్పుడు మా ఇంట్లో నియమం ఏంటంటే, తాగే సీసాలో తాగనిది పోయకూడదు. కషాయాలన్నీ మందపాటి తెల్ల క్యాన్లలో, పేరు, కాచిన తేదీ రాసి, చేలో కొట్టంలో ఉంటాయి. మిగులుతుందేమో అనుకుంటే ముందే తక్కువ కాస్తున్నా.

జీవామృతం డ్రమ్ము కూడా చేలోకి పోయింది. 200 లీటర్ల తొట్టి మూత లేకుండా పెరటి గుమ్మం పక్కన ఉండటం నాకు ఎప్పుడూ తప్పనిపించలేదు. నడక నేర్చే పిల్లకి జానెడు నీళ్లు చాలు ప్రాణం పోవడానికి. కుడితి తొట్టికి చెక్క మూత చేయించాం.

ఇంకో మాట, ఇది గోవుని నమ్మేవాళ్ల మనసు నొప్పించొచ్చు. ఆవు పేడ పొలానికి అమృతమే. చంటిబిడ్డ బొడ్డుకి కాదు. పూర్వం బొడ్డుకి పేడ, బూడిద పెట్టి ధనుర్వాతంతో ఎంతోమంది పసిపిల్లలు పోయారు. తల్లులకి టీకాలు వేసి, ఆసుపత్రి కాన్పులు పెంచి, 2015లో మన దేశం ఆ జబ్బుని అదుపులోకి తెచ్చినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. సహజం పేరుతో మళ్లీ వెనక్కి పోవద్దు.

బీరువా తెరిస్తే బట్టల మధ్య కలరా ఉండలు. వాసన గుప్పుమంది. చూసే డాక్టరమ్మ చెప్పిన మాట ఇది. వాటిలో నాఫ్తలీన్ ఉంటుంది. కలరా ఉండల్లో నిలవ చేసిన బట్టలు తొడిగితే, జీ6పీడీ అనే లోపం ఉన్న పసిపిల్లలకి ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. లోపం ఉన్నదీ లేనిదీ పుట్టకముందే మనకేం తెలుస్తుంది? ఉండలన్నీ తీసేశాం. బట్టలన్నీ ఉతికి రెండు ఎండలు వేసి, ఎండిన వేపాకు మూటలు పెట్టాం. ధాన్యానికి మనం చేసే పనే.

అమ్మకి సీమంతం లోపు ఇంటికి రంగులేయించాలని కోరిక. ఇల్లు పాతది, తలుపులకి ఎప్పటిదో పచ్చ రంగు పెచ్చులు ఊడుతోంది. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగులో సీసం ఎంతుందో చూసి చెప్పలేం. దాన్ని గీకితే ఆ దుమ్ము కడుపులో బిడ్డకీ ముప్పే. అందుకని గీకలేదు. పెచ్చులూడే రెండు తలుపుల రెక్కలు ఊడదీసి దూరంగా పెట్టించాం. ఆ గదికి పాత దుప్పటి పరదా. గోడలకి సున్నం. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో మేకు కొట్టకూడదు అంది అమ్మ. "కొట్టలేదమ్మా, ఊడదీశాం" అన్నాను. నవ్వి ఊరుకుంది.

62 వస్తువుల చిట్టా

ఇక కొనేవాటి సంగతి. మా ఆవిడకి ఎవరో ఫోన్‌లో ఒక చిట్టా పంపారు. బిడ్డ పుట్టేలోపు కొనాల్సినవి 62 వస్తువులు. చదువుతుంటే నాకు మందుల దుకాణం కౌంటరు గుర్తొచ్చింది. మీకూ గుర్తుండే ఉంటుంది. ఆకుముడతకి ఒకటి రాస్తాడు. అది కొడితే మిత్రపురుగులు చచ్చి ఎర్రనల్లి పెరుగుతుంది. దానికి ఇంకోటి. చేను బలహీనపడితే టానిక్కు. ఒకటి కొంటే రెండోది దాని వెనకాలే వస్తుంది.

ఈ చిట్టా కూడా అంతే. పాల సీసా కొంటే దాన్ని మరిగించే యంత్రం కావాలి, కడిగే బ్రష్షు కావాలి, వేడి చేసే పెట్టె కావాలి. తల్లిపాలకి ఇవేం అక్కర్లేదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పాల సీసాలకి, డబ్బాపాలకి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992 నుంచే చట్టం ఉంది. ఇది ఎంతమందికి తెలుసు? డాక్టరు అవసరమని చెబితే అది వేరే మాట, అప్పుడు సిగ్గుపడక్కర్లేదు. చేనికి జబ్బు లేకుండానే మందు కొట్టడం లాంటిది మాత్రం వద్దంటున్నా. చిట్టాలో చక్రాల నడకబండి కూడా ఉంది. దెబ్బలు తగులుతున్నాయని కెనడాలో 2004లో వాటి అమ్మకమే నిషేధించారు.

బయటి నుంచి కొనకు, నీ దగ్గరున్న ఆవుతో, ఆకుతో, మట్టితో చేసుకో. మనం పొలానికి నేర్చుకున్న పాఠం ఇదే కదా. ఇంటికెందుకు పనికిరాదు?

మన పెద్దవాళ్లకి ఈ పాఠం ముందే తెలుసు. బిడ్డ పుట్టకముందే కుల్లా కుట్టినట్టు అని సామెత. పుట్టకముందు ఉయ్యాల కొనకూడదు, కొత్త బట్టలు తేకూడదు అంటారు. మూఢనమ్మకం అని నేనూ నవ్వేవాణ్ణి. అది ఎందుకు పుట్టిందో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. కాన్పులో బిడ్డలు దక్కని రోజుల్లో, ఖాళీ ఉయ్యాల చూస్తూ ఏ తల్లీ కుమిలిపోకూడదని పెట్టుకున్న జాగ్రత్త కావచ్చు. ఈ రోజుకి అది ఇంకో రకంగా పనికొస్తోంది. కొనమని వెంటపడే చిట్టాల ముందు "మా ఇంట్లో పుట్టకముందు కొనం" అంటే ఎవరూ ఎదురు మాట్లాడరు.

మేము సిద్ధం చేసింది ఇంతే. అమ్మ పాత నూలు చీరలు నాలుగు, నాన్న పంచెలు రెండు. ఎన్నో ఉతుకులకి మెత్తబడ్డవి. వాటిని చింపి, ఉడకబెట్టి, ఎండేసి మూట కట్టింది అమ్మ. కుట్టడం మాత్రం బిడ్డ పుట్టాకే అంది. ఒక దోమతెర ఉంది. ఉయ్యాల అక్కవాళ్లది, బారసాల నాటికి వస్తుంది. చిట్టా మీద పెట్టాల్సిన డబ్బు పురుడు ఖర్చుకి, రాత్రివేళ కారు కావాల్సి వస్తే దానికీ పక్కన పెట్టాం. అన్నిటికంటే అవసరమైన కొనుగోలు అదే అనిపించింది.

నాకు కష్టమైనవి రెండు

నాన్న డబ్బాలు వదలడం చూసి లోలోపల నవ్వుకున్నా. నా వంతు వచ్చాక తెలిసింది.

మొదటిది విత్తనాలు. నా దగ్గర 34 రకాల దేశవాళీ వరి విత్తనం ఉంది. నవార, కాలాభట్టి, బహురూపి, మైసూర్ మల్లిగ, ఇలా. సీసాల్లో పోసి, పేర్లు అంటించి, గోడ నిండా అరలు. వచ్చినవాళ్లు ఫోటోలు దిగేవాళ్లు. అందులో నేను ఏటా వేసేది నాలుగు రకాలే. మిగిలిన సీసాలు తీసి గుప్పెడేసి తడిగుడ్డలో మొలక కట్టి చూశా. 11 రకాల్లో ఒక్క గింజ కూడా లేవలేదు. మామూలు గది వేడికి, తేమకి వరి విత్తనం ఎన్నేళ్లు ఆగుతుందో తెలిసినవాణ్ణే. ఏడాది, రెండేళ్లకోసారి చేలో పడకపోతే చచ్చిపోతుంది. విత్తనం కాపాడుతున్నానని చెప్పుకుంటూ చంపుకుంటూ కూర్చున్నా. మొలక వచ్చిన 23 రకాల్లో నాలుగు ఉంచుకుని మిగిలినవి తొమ్మిదిమంది రైతులకి పంచాను. షరతు ఒక్కటే, వచ్చే సార్వాలో పది సెంట్లయినా వేయాలి. ఆ గోడే ఇప్పుడు వీడియోలో ఖాళీగా కనిపిస్తోంది.

రెండోది వ్యాపారం. నేను రైతుతో పాటు వ్యాపారిని కూడా. నా పేరు మీద 22 రకాల సరుకులు అమ్మేవాణ్ణి. అందులో సగం వేరేవాళ్ల దగ్గర కొని ప్యాక్ చేసినవే. దాపరికం లేకుండా చెప్తున్నా, మా ఆవిడకి నెల తప్పిందని తెలిసిన వారంలోనే 'సహజ బేబీ కిట్' అని ఒకటి మొదలుపెడదామనుకున్నా. ఉగ్గు పిండి, ఒళ్లు రుద్దే నూనె, కొయ్య బొమ్మలు, చిన్న తేనె సీసా. పెట్టె డిజైన్ కూడా చేయించా. ఆ 62 వస్తువుల చిట్టాని తిట్టిన నేనే 63వది తయారుచేస్తున్నా.

పుట్టిన బిడ్డ నాలిక మీద తేనె చుక్క వేయడం మన దగ్గర ఆచారం. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు. అందులో ఉండే ఒకరకం బాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలిచి, ఒళ్లు చచ్చుబడే జబ్బు తెస్తాయి. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా అంతే. కిట్టు ఆపేశాను. మా తేనె సీసా మీద 'ఏడాది లోపు పిల్లలకి పెట్టకూడదు' అని తెలుగులో లేబుల్ వేయించా. తేనె అమ్మే అన్నలందరూ ఈ పని చేయాలని నా మనవి.

సరుకులు 22 నుంచి 9కి తగ్గించా. మా పొలంలో, మా ఊళ్లో పండినవి మాత్రమే. డిసెంబరులో అమ్మకం దాదాపు మూడోవంతు పడిపోయింది. ప్యాకింగ్, కొరియర్ ఖర్చులూ తగ్గాయి గానీ అంత తగ్గలేదు. నష్టం లేదని అబద్ధం చెప్పను. రెండు గదులు ఖాళీ అయ్యాయి. మా ఆవిడ రాత్రి పదింటి దాకా లేబుళ్లు అంటించడం ఆగింది. ఎనిమిదో నెలలో ఆ మనిషికి కావాల్సింది ఆ నిద్ర.

"పురుడు పుట్టింట్లో కదా?"

ఊళ్లో చాలామంది అడిగారు. మొదటి కాన్పు పుట్టింట్లో, బిడ్డ మీ ఇంటికి వచ్చేది మూడో నెలలోనో ఐదో నెలలోనో, ఇప్పుడే ఈ హడావుడి ఎందుకని.

బిడ్డ ఇప్పటికే ఇక్కడ ఉంది కదా. తల్లి పీల్చేది బిడ్డా పీలుస్తోంది. ఇంకో కారణం, బిడ్డ వచ్చాక మనకి తీరిక ఉండదు. పాకే పిల్లని చంకనేసుకుని అటక దించలేం. బరువులు మా ఆవిడతో ఎత్తించలేదు, దుమ్ములోకి రానివ్వలేదు. ఏది ఉండాలి, ఏది పోవాలి అని చెప్పడం మాత్రం ఆవిడ పనే.

అన్నీ తీసేయమని కూడా నేను అనట్లేదు. అమ్మ ఇత్తడి బిందె ఉంది, నాన్న నాగలి ఉంది, తాతల నాటి గాదె ఉంది. అవి చోటు తింటాయి గానీ ఎవరికీ హాని చేయవు. నేను చూసినవి రెండే విషయాలు. పిల్ల చేతికి అందితే ఏమవుతుంది? మేము వాడకుండా ఊరికే దాస్తుంటే ఇంకెవరికైనా పనికొస్తుందా? మొదటిదానికి భయం వేస్తే తీసేశాం. రెండోదానికి అవును అనిపిస్తే ఇచ్చేశాం.

మీ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లున్నా, పసిపిల్లలున్నా, వేసవి సెలవలకి మనవలు వచ్చేదున్నా, ఈ ఆదివారం ఒక్క పూట అటక దించండి. నేల మీద చాప వేసి, పాకే పిల్ల ఎత్తులో కూర్చుని గది నాలుగు మూలలా చూడండి. నిలబడితే కనిపించనివి కనిపిస్తాయి. నాకు మంచం కింద ఆరో ఎర్ర విత్తనాల పాకెట్టు అలాగే దొరికింది.

వచ్చే నెల తొమ్మిదో నెల రాగానే సీమంతం చేసి పుట్టింటికి పంపుతాం. పాపో బాబో పుట్టాక మీకు చెప్తా. అప్పటిదాకా మా ఇంట్లోకి కొనేది ఏమీ లేదు. మోటారు కొట్టంలో ఆ ఇనప పెట్టె ఒక్కటే మిగిలింది. దాన్ని తీసుకెళ్లేవాళ్ల కోసం చూస్తున్నా.